బండికి వెనుక సీటు వేస్తే మోకాళ్లకు చోటెక్కడ?



మోకాళ్ల నొప్పులతో వచ్చిన వారిని ఎక్కడ నొప్పి, ఎప్పటి నుండి అని అడిగిన తరువాత మేము ఇంకొక ప్రశ్న కూడా వేస్తుంటాము. పనికి దేనిమీద వెళతారు, అందులో ఎక్కడ కూర్చుంటారు? చెవిటికల్లు, కంచికచర్ల వైపు నుండి వచ్చేవారి జవాబు దాదాపు ఒకటే. ఆటోలో. ఎక్కడ అంటే "ఎదురు చెక్క మీద" అనో, "వెనక డిక్కీలో" అనో చెబుతారు. నందిగామ, జగ్గయ్యపేట వైపు వారి మాట కూడా ఇదే. మిరప కోతల రోజుల్లో, పత్తి తీతల రోజుల్లో తెల్లవారక ముందే బయలుదేరే కూలీల ఆటోలు చూసిన వారికి మేము వర్ణించి చెప్పనక్కరలేదు.

ముగ్గురు ప్రయాణికుల కోసం తయారైన ఆటో అది. ఆ ముగ్గురి సీటుకు ఎదురుగా, డ్రైవరు వీపు వెనుక ఒక సన్నని చెక్క వేస్తారు. అక్కడ మరో ముగ్గురు. సీటు వెనుక సామాను పెట్టుకునే డిక్కీలో ఇంకొక చెక్క వేస్తారు. అక్కడ ముగ్గురు, నలుగురు, కాళ్లు రోడ్డు మీదికి వేలాడేసుకుని. "ఇంకొక్కరు జరగండమ్మా" అన్న మాట వినని రోజు ఉండదు. ఆటో అతనిది తప్పు అని ఒక్క మాటలో తేల్చేయడం మాకు ఇష్టం లేదు. ముగ్గురినే ఎక్కించుకుంటే కూలీ మనిషికి పడే కిరాయి ఆమె రోజు కూలిలో ఎంత మిగులుస్తుందో ఆమెకే తెలుసు. 2025 ఆగస్టు 15 నుండి మన రాష్ట్రంలో ఆడవారికి పల్లెవెలుగు వంటి బస్సులలో టిక్కెట్టు లేదు, నిజమే. కాని బస్సు చేను గట్టు దాకా రాదు గదా.

అందువలన అసలు ప్రశ్న ఇలా వేసుకుందాము. ఒక చిన్న బండికి మరో సీటు చేర్చినపుడు ఆ సీటుకు కావలసిన చోటు ఎవరి దగ్గర నుండి వస్తుంది?

ఎదురు చెక్క విషయంలో అది ఇరువైపుల వారి మోకాళ్ల నుండే వస్తుంది. మీరే కొలిచి చూడండి. గోడకు వీపు, నడుము ఆనించి స్టూలు మీద కూర్చుని, గోడ నుండి మోకాలి చిప్ప వరకు టేపు పట్టండి. పెద్దవారిలో ఇంచుమించు 21 నుండి 24 అంగుళాలు వస్తుంది. కనుక వీపు ఆనే చోటు నుండి ఎదుట ఉన్న అడ్డు వరకు కనీసం 26 అంగుళాలు ఉంటే గాని మోకాలు దేనికీ తగలదు. ఎదురెదురుగా ఇద్దరు కూర్చుంటే దానికి దాదాపు రెట్టింపు కావాలి. ఆటోలో అంత లేదు. అందుకే ఒకరి మోకాళ్ల మధ్య ఒకరి మోకాలు దూర్చుకుని, పాదాలు వెనక్కు లాక్కుని కూర్చుంటారు. మోకాలు అలా బాగా వంగినపుడు చిప్ప ఎముక తొడ ఎముకను గట్టిగా అదుముతుంది. అరిగిన మోకాలు గలవారు అరగంట అలా కూర్చుని లేవగానే "పట్టేసింది" అనేది ఇందుకే.

సీటును కాస్త వెనక్కు జరపవచ్చు గదా అని అడుగుతారు. చాలా ఆటోలలో ఇంజను వెనుక సీటు కిందనే ఉంటుంది. జరపడానికి వీలు లేదు.

ఈ చిక్కు మన ఆటోలకే వచ్చింది కాదు. అమెరికాలో గోల్ఫ్ ఆటగాళ్ల కోసం 1950ల నుండి బ్యాటరీ బండ్లు తయారు చేస్తున్నారు. ఇద్దరు కూర్చునే ఆ బండిలో సీటు కింద బ్యాటరీలు, సీటు వెనుక ఆట కర్రల సంచులు నిలబెట్టే చోటు ఉంటాయి. తరువాత ఆ బండ్లు ఆట మైదానం దాటి వచ్చాయి. మన పెద్ద రైల్వే స్టేషన్ల ప్లాట్‌ఫారాల మీద నడవలేని వారిని తీసుకువెళ్లే బండ్లు ఆ జాతివే. ఆసుపత్రి ఆవరణలలో గేటు నుండి ఓ.పి. వరకు ముసలివారిని, బాలింతలను చేర్చడానికి కూడా ఇవి బాగా పనికివస్తాయి. ఇద్దరు పట్టే బండిలో రోగి, డ్రైవరు ఎక్కితే తోడు వచ్చినవారికి చోటుండదు. అందుచేత వెనుక సీటు అవసరం అక్కడా వచ్చింది.

వారు చేసిన ఉపాయం చాలా తేలికైనది. కొత్త సీటును ముందు సీటుకు వెన్ను తగిలేలా, వెనక్కు తిరిగి ఉండేలా బిగించారు. ముందు కూర్చున్నవారి కాళ్లకు ఉన్న చోటు అంగుళం కూడా తగ్గదు. వెనుక కూర్చున్నవారి మోకాళ్ల ఎదుట ఏ అడ్డూ లేదు. ఆ కాళ్లకు కావలసిన చోటు బండి లోపలి నుండి రాలేదు, బండి వెనుక ఉన్న గాలి నుండి వచ్చింది. అందరూ ముందుకు చూసేలా రెండవ వరుస కావాలంటే మాత్రం బండినే పొడవు చేయాలి. అది కంపెనీలో చక్రాల మధ్య దూరం పెంచి తయారు చేయవలసిన పని. మామూలు వెల్డింగు షాపులో ఛాసిస్ కోసి మధ్యలో ముక్క అతికించడం మనుషులను ఎక్కించే బండికి తగదు.

చిన్న చిన్న కిటుకులు కూడా ఉన్నాయి. వీపు ఆనించే దిండు మూడు అంగుళాల మందం ఉంటే ఒక అంగుళానికి తగ్గించవచ్చు, ఆ రెండు అంగుళాలూ మోకాలికి దక్కుతాయి. సీటు ఎత్తు రెండు అంగుళాలు పెంచితే కాలు ముందుకు చాచుకొనే బదులు కిందికి దిగుతుంది. కాని పొట్టివారికి పాదం నేలకు అందక చెక్క అంచు తొడ కింద కోసుకుంటుంది, పొడుగువారికి పైకప్పు తలకు తగులుతుంది. ముందు సీటు అడుగున ఖాళీ ఉంటే పాదాల ముందు భాగం అందులోకి పోతుంది. అయితే బ్యాటరీ పెట్టె ఉన్న బండిలో ఆ ఖాళీ దొరకదు.

ఆటో డిక్కీలో వేసిన చెక్క కూడా వెనక్కు తిరిగినదే గదా, మరి దానిలో తప్పేమిటి? పైకి ఒకటేలా ఉన్నా చాలా తేడా ఉంది. బ్యాటరీ బండి వెనుక సీటుకు పాదాలు పూర్తిగా ఆనే ఫుట్‌బోర్డు ఉంటుంది. చేతితో పట్టుకోవడానికి కమ్మీ ఉంటుంది. డిక్కీ చెక్కకు అవి రెండూ లేవు. గాలి నుండి తీసుకున్న చోటును గాలికే వదిలేశారు. పాదానికి ఆధారం లేనపుడు శరీరం బరువంతా చెక్క అంచు మీద, తొడల కింద పడుతుంది. కాళ్లు తిమ్మిరెక్కుతాయి. వెనుక వచ్చే లారీకి, మోటారు సైకిలుకు మొదట తగిలేవి ఆ కాళ్లే. జాతీయ రహదారి మీద, అంటే మన హైదరాబాదు రోడ్డు మీద, ఆటో సడన్‌గా ఆగినపుడు వెనుక బండి కూడా ఆగగలదన్న నమ్మకం లేదు.

ఇంకొక ప్రమాదం బయటికి కనబడనిది. ఎడ్లబండి తోలిన పెద్దలకు ఇది చెప్పనవసరం లేదు. వెనుక బరువు ఎక్కువైతే కాడి ఎద్దుల మెడ మీద నుండి పైకి లేస్తుంది. ఆటోలో కాడి ఉండవలసిన చోట ముందు చక్రం ఉన్నది, బండిని తిప్పేది ఆ ఒక్క చక్రమే. లెక్క చూడండి. ముందు, వెనుక చక్రాల మధ్య రెండు మీటర్లు అనుకుందాము. 60 కిలోల మనుషులు ముగ్గురు వెనుక ఇరుసుకు 40 సెంటీమీటర్లు అవతల కూర్చుంటే 180 కిలోలు. 180ని 40తో గుణించి 200తో భాగిస్తే 36. అంటే ముందు చక్రం మీద నుండి 36 కిలోల బరువు లేచిపోయినట్లే. వాగు గట్టు ఎక్కేటపుడు, గుంటలో పడి లేచినపుడు హ్యాండిల్ తేలిపోతున్నదని డ్రైవర్లు చెప్పేది ఇదే. వెనుక ఇద్దరికి బదులు నలుగురు ఎక్కితే ఎంత అవుతుందో మీరే కట్టుకోండి.

వెనక్కు తిరిగిన సీటుకు సహజంగానే ఒక దోషం ఉన్నది. బండి ఒక్కసారిగా కదిలితే మనిషి ఉన్నచోటనే ఉండిపోతాడు, సీటు అతని కింద నుండి ముందుకు వెళుతుంది. ముందుకు తిరిగి కూర్చుంటే వీపు వెనుక దిండు ఆపుతుంది. వెనక్కు తిరిగినవానిని ఆపేది ఏదీ లేదు, మొగ్గినట్లుగా రోడ్డు మీద పడతాడు. చేతిలో పసిబిడ్డ ఉంటే కమ్మీ పట్టుకోవడానికి చేయి కూడా ఉండదు. కాబట్టి బిడ్డ తల్లులు, గర్భిణులు, ఫిట్స్ వచ్చేవారు, కళ్లు తిరుగుతున్నాయని చెప్పేవారు ఏ బండిలోనైనా ఈ సీటులో కూర్చోకూడదు. వారిని ముందు కూర్చోబెట్టి తోడు వచ్చినవారు వెనుక కూర్చోవాలి. మన దగ్గర తరచు దీనికి తలక్రిందులుగా జరుగుతుంది. మగవారు ముందు సర్దుకుంటారు, ఆడవారు వెనుక వేలాడుతారు!

ఆవరణలో తిరిగే బ్యాటరీ బండికి వెనుక సీటు వేయించదలచిన ఆసుపత్రుల, పాఠశాలల వారికి కొన్ని కొలతలు చెబుతాము. సీటు నుండి ఫుట్‌బోర్డుకు 16 అంగుళాలు, కూర్చునే లోతు 16 అంగుళాలు ఉంటే మన వారికి సరిపోతుంది. ఫుట్‌బోర్డు సీటు అంచు దాటి కనీసం అడుగు బయటికి ఉండాలి, కాలివేళ్లు దాని అంచు దాటకూడదు. జారని రబ్బరు వేయించాలి. నేల నుండి ఫుట్‌బోర్డుకు అడుగు కంటె ఎక్కువ ఎత్తుంటే ముసలివారు ఎక్కలేరు. సీటు కొంచెం లోపలికి వాలి ఉండాలి, ఇద్దరికీ పట్టుకొనే కమ్మీ, నడుముకు బెల్టు ఉండాలి. వెనుక స్ప్రింగులు, టైర్లు, బ్రేకులు ఆ బరువుకు చాలునో లేదో బండి అమ్మినవారిని అడిగి తెలుసుకున్న తరువాతనే పని మొదలు పెట్టండి. చాలా గోల్ఫ్ బండ్లకు బ్రేకులు వెనుక చక్రాలకే ఉంటాయి. ర్యాంపు ఎక్కేటపుడు బండి తోక నేలకు తగులుతుందేమో ఖాళీ బండితో ఒకసారి చూసుకోవాలి.

రోడ్డు మీద తిరిగే ఆటో సంగతి వేరు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్‌లో ఉన్న దానికి భిన్నంగా బండిని మార్చడం కుదరదు. 2019 సవరణతో పరిమితికి మించిన ప్రతి ప్రయాణికునికి 200 రూపాయల జరిమానా, వారిని దించి వేరే బండి ఏర్పాటు చేసేవరకు కదలనివ్వకపోవడం చేర్చారు. జరిమానా కంటె పెద్ద సంగతి ప్రమాదం తరువాత వస్తుంది. చెక్క వేసిన ఆటో అని తెలిస్తే ఇన్సూరెన్సు వారు పేచీ పెట్టవచ్చు, నష్టపరిహారం కోసం కుటుంబం కోర్టు చుట్టూ తిరగాలి. కనుక డిక్కీ చెక్కకు ఫుట్‌బోర్డు వేయించుకోమని మేము చెప్పము. దానిని తీసివేయమనే చెబుతాము. ఎక్కువ మంది కావాలంటే అంతమందికి రిజిస్టరైన పెద్ద బండిని మేస్త్రి మాట్లాడాలి, లేదా అదే ఆటో రెండుసార్లు తిరగాలి. ముఠాలో పదిమంది కలిసి అడిగితే మేస్త్రి వినకుండా ఉండడు. ఒక్కరు అడిగితే "రేపటి నుండి రావద్దులే" అంటాడు.

ఎదురు చెక్క మీద తప్పనిసరిగా కూర్చోవలసి వచ్చినవారు ఒకటి గమనించాలి. మోకాలి బయటి పక్కన, కొంచెం దిగువగా చేతికి తగిలే ఎముక గుబ్బ ఉంటుంది. పాదాన్ని పైకి ఎత్తే నరం దాని మీదుగా, చర్మం కిందనే పోతుంది. ఇనుప కమ్మీ అక్కడ ఒత్తుకున్నా, కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నా ఆ నరం నలుగుతుంది. చాలాసేపు గొంతుక్కూర్చుని కలుపు తీసేవారికి కూడా ఇది వస్తుంది. పాశ్చాత్య దేశాలలో స్ట్రాబెర్రీ పండ్లు కోసే కూలీలలో చూసి దీనికి వారి పేరే పెట్టారు. దిగిన తరువాత తిమ్మిరి కాసేపటికి పోతే భయం లేదు. నడిచేటపుడు పాదం నేలకు ఈడ్చుకుంటున్నా, చెప్పు జారిపోతున్నా, మడమ మీద నిలబడలేకపోయినా మర్నాడే డాక్టరుకు చూపించండి. మాలిష్ చేయిస్తూ కూర్చోవద్దు.

కాళ్లలో రక్తం గడ్డకడుతుందేమోనని కొందరు భయపడుతుంటారు. చేనికి వెళ్లే అరగంట ప్రయాణంలో ఆ భయం అక్కరలేదు. నాలుగు గంటలు, అంతకు మించి కదలకుండా కూర్చునే ప్రయాణాలలో ఆ ప్రమాదం రెట్టింపు అవుతుందని 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అధ్యయనం తెలిపింది. రెట్టింపైనా అది అరుదే. హైదరాబాదు వెళ్లే బస్సులో మధ్యమధ్య పాదాలు ఆడించడం, ఆగిన చోట దిగి నడవడం చాలు. ప్రయాణం తరువాత ఒక్క పిక్కే వాచి నొప్పిగా ఉంటే మాత్రం చూపించుకోవాలి.

ఆటో వెనుక కాలికి దెబ్బ తగిలినపుడు చేయవలసినది కూడా తెలిసి ఉండాలి. ముంగాలి ఎముక మీద కండ లేదు, చర్మమే. అందువలన అది విరిగితే తరచు బయటికి పొడుచుకు వస్తుంది. దానిని లోపలికి నెట్టవద్దు, కాలు లాగి సరిచేయవద్దు. పసుపు, కాఫీ పొడి, మట్టి ఏదీ వేయవద్దు. ఉతికిన గుడ్డ మడిచి రక్తం కారుతున్న చోట అదిమి పట్టండి, ఎముక మీద కాకుండా దాని పక్కన. మోకాలి పైనుండి మడమ వరకు వచ్చే కర్రను కాలికి ఆనించి చీర పేలికలతో కట్టండి. వేళ్లు చల్లబడినా తెల్లబడినా కట్టు కొంచెం వదులు చేయండి. ఆపరేషన్ అవసరం కావచ్చు కనుక టీ గాని అన్నం గాని పెట్టవద్దు. 108కు ఫోను చేసి ఊరి పేరుతోపాటు దగ్గరలోని అడ్డరోడ్డు, బడి, గుడి ఏదైనా గుర్తు చెప్పండి. అంబులెన్సు వచ్చేలోగా గాయపడినవారిని అదే ఆటో ఎదురు చెక్క మీద కూర్చోబెట్టి తీసుకురావద్దు. రోడ్డు పక్కన, కాలు కదలకుండా పడుకోబెట్టి ఉంచండి.