కణమును మోసగించు మందు

ఎర్ర రక్తకణము సుమారు 120 దినములు మాత్రమే జీవించును. నశించిన కణముల స్థానమును నింపుటకు ఎముకలలోని మూలుగ రేయింబవళ్లు కొత్త కణములను తయారుచేయుచునే యుండును. ఒక కణము రెండు కావలెనన్న, ముందుగా దానిలోని డి.ఎన్.ఏ. రెండింతలు కావలెను. ఈ పనికి ఫోలిక్ ఆమ్లమను విటమిను అవసరము.

ఇది కొరవడినచో ఏమగును? మూలుగలోని కణములు పెరుగును గాని సరిగా విభజన చెందజాలవు. అందుచేత రక్తములో ఎర్రకణముల సంఖ్య తగ్గును. ఉన్నవి పరిమాణములో పెద్దవిగా నుండును. ఇది ఒక విధమైన పాండురోగము. బొంబాయిలో గర్భిణీ స్త్రీలకు వచ్చు ఇట్టి వ్యాధిని పరిశీలించిన లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు, అది ఈస్టు సారముతో నయమగునని 1931లో ప్రకటించెను. ఆ సారములో పనిచేసినది ఫోలిక్ ఆమ్లమేయని తరువాత తేలినది. 1941లో పాలకూర నుండి ఈ పదార్థమును వేరుచేసి, ఆకు అను అర్థమిచ్చు లాటిన్ పదమును బట్టి దానికి ఆ పేరు పెట్టిరి. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో, భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున, శాస్త్రజ్ఞులు 1945లో దీనిని కృత్రిమముగా తయారుచేసిరి.

ల్యూకీమియా దీనికి భిన్నమైన వ్యాధి. ఇందులో పక్వము కాని తెల్లకణములు అదుపు లేక పెరిగి మూలుగను ఆక్రమించును. బోస్టన్ నగర వైద్యుడు సిడ్నీ ఫార్బర్ ఈ వ్యాధి గల పిల్లలకు ఫోలిక్ ఆమ్ల సంబంధమైన పదార్థముల నిచ్చి చూడగా, రోగము మరింత త్వరపడినట్లు తోచెను. అప్పుడు ఆయన ఆలోచన ఎదురు దారి పట్టెను. ఫోలిక్ ఆమ్లము రోగకణములకు మేత యైనచో, ఆ మేతను అందకుండ చేయరాదా?

సుబ్బారావుగారి బృందము అట్టి పదార్థమును అందించెను. ఫోలిక్ ఆమ్ల అణువులో హైడ్రాక్సిల్ సమూహమున్న ఒక చోట అమైనో సమూహమును చేర్చగా వచ్చినదే అమినోప్టెరిన్. శరీరములో ఒక ఎంజైము ఫోలిక్ ఆమ్లమును పనికివచ్చు రూపమునకు మార్చును. ఆ ఎంజైము నకిలీ అణువును అసలుదిగా భ్రమించి పట్టుకొని, విడువజాలదు. తాళములో దూరి తిరుగక ఇరుక్కున్న దొంగచెవి వంటిదది; అసలు చెవికి ఇక చోటుండదు. డి.ఎన్.ఏ. తయారీ ఆగిపోవును, కణము నశించును.

1948 జూన్‌లో ఫార్బర్ తన ఫలితములను ప్రకటించెను. మందు పుచ్చుకొన్న 16 మంది పిల్లలలో 10 మందికి గుణము కనిపించినది. కాని అది తాత్కాలికమే. వ్యాధి మరల తిరుగబెట్టెను. ఆ ఆగస్టులోనే సుబ్బారావుగారు మరణించిరి. అమినోప్టెరిన్ స్థానమును దాని సోదరి వంటి మెథోట్రెక్సేట్ ఆక్రమించెను.

ఈ మందునకు శత్రువెవరో మిత్రుడెవరో తెలియదు. వేగముగా విభజన చెందు కణములన్నియు దానికి ఒక్కటే. అందుచేత నోటిలో పుండ్లు, జుట్టు రాలుట, రక్తకణముల కొరత కలుగవచ్చును. పెద్ద మోతాదు ఇచ్చినప్పుడు కొన్ని గంటల తరువాత ఫోలినిక్ ఆమ్లమను విరుగుడు నిత్తురు. ఫోలిక్ ఆమ్లమునే ఈయరాదా యని విద్యార్థి అడుగవచ్చును. దానిని మార్చవలసిన ఎంజైమే బంధింపబడి యున్నది గదా! ఫోలినిక్ ఆమ్లమునకు ఆ ఎంజైముతో పని లేదు. అది అడ్డుకట్టను దాటిన తరువాతి మెట్టుననే ప్రవేశించును.

ఒక్క మందునకు లొంగని కణములు మిగిలిపోవును గనుక, నేడు వేర్వేరు చోట్ల దెబ్బతీయు పలు మందులను కలిపి వాడుదురు. పూర్తి చికిత్స లభించిన చోట, పిల్లలలో తరచుగా వచ్చు లింఫోబ్లాస్టిక్ ల్యూకీమియా అధిక సంఖ్యాకులకు నయమగుచున్నది. మెథోట్రెక్సేట్‌ను కీళ్లవాతమునకు కూడ ఇత్తురు. అయితే వారమునకు ఒక్క పర్యాయమే. పొరపాటున దినదినము మింగినవారు ప్రాణములు కోల్పోయిన సందర్భములు కలవు. విషమునకు ఔషధమునకు నడుమ ఇచ్చట గల భేదము మోతాదు, సమయము మాత్రమే.