తలలో నీరు చేరిన పసిబిడ్డలు – ఎంబాలే ఆసుపత్రి నేర్పిన వైద్యం



వేరే దేశాలకు వెళ్ళి పేద పిల్లలకు ఉచితంగా ఆపరేషన్లు చేసి వచ్చే డాక్టర్ల గురించి మీరు వినే ఉంటారు. వారమో పది రోజులో క్యాంపు పెడతారు. గ్రహణం మొర్రి ఉన్న బిడ్డకు పెదవి కుడతారు, కుట్లు మానేవరకు చూసుకుని తిరిగి వస్తారు. మంచి పనే. అయితే కొన్ని జబ్బులు క్యాంపులకు లొంగవు. తలలో నీరు చేరడం అటువంటి జబ్బు. డాక్టర్లు దీనిని హైడ్రోసెఫలస్ అంటారు. ఈ జబ్బు విషయంలో ఆఫ్రికాలోని ఉగాండాలో జరిగిన పని గురించి ఈ సంచికలో చెప్పదలచుకున్నాము. పసిబిడ్డలున్న ప్రతి ఇంటికీ అందులో పనికివచ్చే సంగతులు ఉన్నాయి.

ముందు జబ్బు సంగతి. మన మెదడు లోపల చిన్న చిన్న గదులు ఉంటాయి. వాటిలో నీరువంటి ద్రవం ఊరుతూ ఉంటుంది. పెద్దవారిలో రోజుకు సుమారు అర లీటరు. అది మెదడు చుట్టూ, వెన్నుపాము చుట్టూ తిరిగి రక్తంలో కలిసిపోతుంది. దారి ఎక్కడైనా మూసుకుపోతే నీరు గదుల్లోనే నిలిచిపోతుంది. పసిబిడ్డ పుర్రె ఎముకలు ఇంకా అతుక్కోవు కాబట్టి తల పెరుగుతూ పోతుంది. లోపల మెదడు మాత్రం నలిగిపోతూ ఉంటుంది. చూపు పోవచ్చు, ఫిట్స్ రావచ్చు, ప్రాణమే పోవచ్చు.

దీనికి ఎన్నో ఏళ్ళుగా చేస్తున్న వైద్యం షంట్. సన్నటి గొట్టాన్ని మెదడులోని గది నుంచి చర్మం కిందుగా కడుపులోకి దింపుతారు. ఎక్కువైన నీరు కడుపులోకి పోతుంది, అక్కడ ఇంకిపోతుంది. కానీ షంట్ మూసుకుపోవచ్చు, దానికి చీము పట్టవచ్చు. పిల్లల్లో దాదాపు సగం షంట్లు రెండేళ్ళలోపే ఏదో ఒక విధంగా పాడవుతాయని న్యూరోసర్జన్లు చెప్తారు. షంట్ మూసుకుపోయిన బిడ్డను వెంటనే సర్జన్ దగ్గరకు చేర్చకపోతే ప్రాణాపాయం. పట్నంలో ఉన్నవారు ఆటో ఎక్కి వెళ్తారు. రోడ్డే లేని ఊరి తల్లి ఏం చేస్తుంది? క్యాంపుకు వచ్చిన డాక్టరు అప్పటికి విమానం ఎక్కి వెళ్ళిపోయి ఉంటాడు. షంట్ వేసి వెళ్ళిపోవడం సగం వైద్యమే అని మేము అనుకునేది అందుకే.

అమెరికాలోని కెంటకీలో పిల్లల న్యూరోసర్జన్‌గా పనిచేస్తున్న డాక్టర్ బెంజమిన్ వార్ఫ్ 2000వ సంవత్సరంలో భార్యను, ఆరుగురు పిల్లలను వెంటబెట్టుకుని ఉగాండాకు మకాం మార్చారు. క్యూర్ ఇంటర్నేషనల్ అనే క్రైస్తవ సంస్థ తూర్పు ఉగాండాలోని ఎంబాలే పట్టణంలో పిల్లల ఆసుపత్రి కట్టింది. అది 2001లో తెరుచుకుంది. అప్పట్లో ఆ దేశం మొత్తానికి ఉన్న న్యూరోసర్జన్లను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఎల్గాన్ కొండ దగ్గరి ఆ ఊళ్ళో ఆసుపత్రి తెరిచారని తెలియగానే, తలలు పెద్దవైన బిడ్డలను వీపున కట్టుకుని తల్లులు రావడం మొదలుపెట్టారు.

డాక్టర్ వార్ఫ్ అక్కడ రెండు సంగతులు గమనించారు. మొదటిది జబ్బుకు కారణం. వరుసగా వచ్చిన 300 మంది పిల్లలను పరిశీలిస్తే, వారిలో నూటికి 60 మందికి ఈ జబ్బు పుట్టుకతో వచ్చింది కాదు. మెదడుకు ఇన్ఫెక్షన్ సోకి, తగ్గిన తరువాత వచ్చింది. వారిలో ఎక్కువమందికి ఆ ఇన్ఫెక్షన్ పుట్టిన మొదటి నెలలోనే వచ్చింది. అంటే చాలామంది బిడ్డలు మంచి తలతోనే పుట్టారు. జ్వరం వచ్చింది, ఫిట్స్ వచ్చాయి, తగ్గిందని అందరూ ఊపిరి పీల్చుకున్నారు. కొన్ని వారాలకు తల పెరగడం మొదలైంది.

రెండవది షంట్ సంగతి. షంట్ లేకుండా గడిచే మార్గం కోసం ఆయన వెదికారు. ఎండోస్కోపు అనే సన్నటి దుర్భిణి గొట్టాన్ని మెదడు గదిలోకి పంపి, అడుగున చిన్న రంధ్రం చేస్తే నీరు వేరే దారిన పోతుంది. ఈ ఆపరేషన్ అంతకుముందే ఉంది, కానీ ఏడాదిలోపు బిడ్డల్లో సరిగా పనిచేసేది కాదు. ఆయన దానికి ఇంకొక పని కలిపారు. నీరు ఊరే పొరను అదే ఎండోస్కోపుతో కొంతవరకు కాల్చివేశారు. కుండ నిండి పొర్లుతుంటే కొత్త తూము పెట్టడం ఒకటి, కుళాయి కట్టివేయడం ఒకటి. ఆయన రెండూ ఒకేసారి చేశారు. 2005లో ప్రచురించిన లెక్క ప్రకారం ఏడాదిలోపు పిల్లల్లో రంధ్రం ఒక్కటే చేస్తే నూటికి 47 మందిలో ఫలించింది, రెండూ కలిపి చేస్తే 66 మందిలో ఫలించింది. ఆ 66 మంది తల్లులకు, గొట్టం ఎప్పుడు మూసుకుపోతుందో అన్న భయం లేదు.

మిగిలినవారికి షంట్ వేయక తప్పదు. ఇక్కడ మన దేశం పేరు వస్తుంది. ఉత్తరప్రదేశ్‌లోని షాజహాన్‌పూర్‌లో తయారయ్యే ఛాబ్రా షంట్ ధర అప్పట్లో సుమారు 35 డాలర్లు. అమెరికా కంపెనీ షంట్ ధర సుమారు 650 డాలర్లు. 195 మంది పిల్లల్లో రెండింటినీ పోల్చి చూస్తే ఏడాది తరువాత ఫలితాల్లో తేడా కనిపించలేదు. ఖరీదు ఎక్కువైనంత మాత్రాన మంచి వైద్యమని కాదు అని మేము వార్డులో రోగుల బంధువులకు చెప్తూనే ఉంటాము. ఇక మీదట ఈ షంట్ సంగతి కూడా చెప్తాము.

మాకు అన్నిటికంటే నచ్చింది మాత్రం ఆపరేషన్ కాదు, నేర్పడం. డాక్టర్ వార్ఫ్ ఎండోస్కోపును తన చేతిలోనే ఉంచుకోలేదు. జాన్ ముగాంబా అనే ఉగాండా డాక్టరుకు దగ్గరుండి నేర్పారు. 2006లో వార్ఫ్ అమెరికాకు తిరిగి వెళ్ళిపోయినా ఎంబాలేలో ఆపరేషన్లు ఆగలేదు. తరువాత ఆఫ్రికా, ఆసియా దేశాల సర్జన్లు అక్కడికి వచ్చి నేర్చుకున్నారు. ఇప్పుడు అమెరికా, కెనడా పిల్లల ఆసుపత్రుల్లోనూ ఈ పద్ధతి చేస్తున్నారు. నేర్పడానికి వెళ్ళినవారి దేశమే నేర్చుకోవలసి వచ్చింది! వార్ఫ్‌కు 2012లో మెక్‌ఆర్థర్ ఫెలోషిప్ అనే పెద్ద గౌరవం దక్కింది. 2017లో ఎంబాలేలోనే వంద మంది పసిబిడ్డలపై జరిగిన పరిశోధన ప్రచురితమైనప్పుడు, రాసినవారి పేర్లలో ముగాంబాతో పాటు మరికొందరు ఉగాండా వైద్యుల పేర్లూ ఉన్నాయి.

ఆ పరిశోధన చెప్పిన మాట దాచకూడదు. షంట్ వేసినా, ఎండోస్కోపు ఆపరేషన్ చేసినా, ఏడాది తరువాత బిడ్డల తెలివితేటల ఎదుగుదలలో పెద్ద తేడా లేదు. రెండు పద్ధతుల్లోనూ వెనుకబడిన పిల్లలు ఉన్నారు. ఇన్ఫెక్షన్ అప్పటికే మెదడుకు చేసిన నష్టాన్ని ఏ సర్జనూ వెనక్కి తీసుకోలేడు. అందుకే ఆ ఇన్ఫెక్షన్ ఏమిటో వెదికారు. 2020లో ఉగాండా బిడ్డల తల నీటిలో పెయినిబాసిల్లస్ అనే సూక్ష్మజీవిని గుర్తించినట్లు పరిశోధకులు ప్రకటించారు. ఆపరేషన్ గదిలో మొదలైన పని చివరకు పురిటి మంచం దగ్గరకు చేరింది. అది మా నర్సుల చోటు, మీ చోటు.

కాబట్టి మన ఇళ్ళ సంగతికి వద్దాము. బొడ్డు మీద పసుపు, బూడిద, నూనె, పేడ ఏదీ పెట్టవద్దు. బొడ్డును పొడిగా ఉంచితే చాలు, దానంతటదే రాలిపోతుంది. బిడ్డను ఎత్తుకునే ప్రతివారూ చేతులు సబ్బుతో కడుక్కోవాలి. చూడవచ్చిన పెద్దలకు ఈ మాట చెప్పడానికి మొహమాటపడవద్దు. కావాలంటే నర్సమ్మ చెప్పింది అనండి. నెలలోపు బిడ్డ పాలు తాగడం మానినా, ఒళ్ళు కాలినా, చల్లబడినా, మగతగా పడి ఉన్నా, ఊపిరి వేగంగా తీసినా, ఫిట్స్ వచ్చినా తెల్లవారేదాకా ఆగవద్దు. దిష్టి తీసేవారు తీయనీయండి, కానీ బండి మాత్రం ముందు మాట్లాడండి.

తల విషయం. నెలలు నిండిన బిడ్డ తల చుట్టుకొలత పుట్టినప్పుడు సుమారు 33 నుంచి 35 సెంటీమీటర్లు ఉంటుంది. మొదటి మూడు నెలలు నెలకు సుమారు రెండు సెంటీమీటర్లు పెరుగుతుంది, తరువాత నెమ్మదిస్తుంది. అంతకంటే వేగంగా పెరుగుతుంటే "తాత పోలిక" అనో, "బుర్ర పెద్దది, తెలివైనవాడవుతాడు" అనో సరిపెట్టుకోవద్దు. బిడ్డ ఏడవకుండా కూర్చుని ఉన్నప్పుడు కూడా నడినెత్తి మీది మాడు ఉబ్బి గట్టిగా ఉండడం, తల మీద నరాలు తేలడం, కనుగుడ్లు కిందికి దిగిపోయి పైన తెల్లగుడ్డు కనిపించడం, మాటిమాటికి వాంతులు, కీచుగా ఏడుపు – వీటిలో ఏది కనిపించినా పిల్లల డాక్టరుకు చూపించండి. తలకు స్కానింగ్ చేస్తే తెలిసిపోతుంది. మాడు పూడకముందు మామూలు అల్ట్రాసౌండ్‌తోనే చూడవచ్చు, దానికి సూది లేదు, మత్తు లేదు.

షంట్ ఉన్న పిల్లలు మన సంఘాల్లోనూ ఉంటారు. అటువంటి బిడ్డకు తలనొప్పి, వాంతులు, మగత వస్తే కడుపు చెడిందని సోడా తాగించి పడుకోబెట్టవద్దు. షంట్ వేసిన ఆసుపత్రి చీటీ తీసుకుని అదే రోజు బయలుదేరండి.

టీకాల రోజున వచ్చే తల్లులు బరువుతో పాటు తల కొలత కూడా అడగండి. టేపు మా నర్సు జేబులోనే ఉంటుంది, అర నిమిషం పని. బిడ్డ కార్డు మీద తేదీ వేసి అంకె రాయించుకోండి. ఒక్క కొలతతో ఏమీ తెలియదు, పోయిన నెల అంకె పక్కన ఉంటేనే తెలుస్తుంది. అందుకని కార్డు పారేయవద్దు, దిండు కిందో బీరువాలోనో భద్రంగా పెట్టుకుని, వచ్చినప్పుడల్లా తీసుకురండి.