జాబితాకెక్కని స్త్రీలు: ఢిల్లీ ప్రాంతంలో పాకీ పని నిర్మూలన విధానం

పాకీ పనిని నిషేధించి, ఆ వృత్తిలోని వారికి పునరావాసం కల్పించే చట్టాన్ని పార్లమెంటు 2013 సెప్టెంబరులో ఆమోదించింది. అది అమలులోనికి వచ్చిన తేదీ డిసెంబరు 6. 1956లో అదే తేదీన ఢిల్లీ అలీపూర్ రోడ్డులోని 26వ నంబరు గృహంలో డాక్టర్ అంబేడ్కర్ మహాపరినిర్వాణం చెందారు. తేదీల ఈ కలయిక బౌద్ధ పాఠకులకు వెంటనే స్ఫురించేదే. అయితే ఆ చట్టం ఎవరికి మేలు చేసింది, ఎవరిని గడప బయట నిలిపింది అన్నది తెలియాలంటే దాని రెండవ సెక్షన్‌లోని నిర్వచనాన్ని చదవాలి.

ముందు ఆ పని ఎటువంటిదో చెప్పుకోవాలి. పొడి మరుగుదొడ్డిలో నీరు పారదు. మలం నేలమీదనో, అడుగున పెట్టిన డబ్బాలోనో నిలిచిపోతుంది. దానిని ప్రతి ఉదయం ఒక మనిషి చీపురుతో రేకు ముక్క మీదికి తోసి, గంపలోనికి ఎత్తి, ఊరి వెలుపలికి మోసుకుపోవాలి. ఇళ్ళలోని దొడ్ల పనిచేసేవారిలో అత్యధికులు స్త్రీలు. పురుషులు ఎక్కువగా పురపాలక సంఘాల వీధి పనిలోనూ మురుగు కాలువల పనిలోనూ కనిపిస్తారు. అక్కడ కూలి నగదుగా అందుతుంది. ఇంటి దొడ్డి పనికి అందేది చాలాచోట్ల మిగిలిన రొట్టె, పండుగనాడు పాత చీర, నెలకు కొద్దిపాటి చిల్లర.

స్త్రీ ఈ పనిలో చిక్కుకుపోవడానికి పేదరికం ఒక్కటే కారణమని భావిస్తే విధానం మొదటి అడుగులోనే తప్పుతుంది. ఉత్తర భారతంలో ఒక్కొక్క కుటుంబానికి ఇన్ని ఇళ్ళని వంతు ఉండేది. ఆ వంతు అత్త నుండి కోడలికి సంక్రమించేది. అవసరమైతే దానిని తాకట్టు పెట్టుకోవచ్చు, అమ్ముకోవచ్చు. ఎన్. ఆర్. మల్కానీ అధ్యక్షతన 1965లో కేంద్ర ప్రభుత్వం నియమించిన సంఘం ఈ ఆనువంశిక హక్కునే పరిశీలించి, దానిని తొలగించవలసిందని సూచించింది. పురపాలక సంఘం ఆ పనిని తన చేతిలోనికి తీసుకోని చోట్ల ఇంటి యజమానికీ పాకీ స్త్రీకీ మధ్య ఉన్నది ఉద్యోగ సంబంధం కాదు, ఆచార సంబంధం. ఉద్యోగానికి రాజీనామా ఉంటుంది, ఆచారానికి ఉండదు. వంతు వదులుకున్న స్త్రీ తన కుటుంబానికి ఉన్న ఏకైక ‘ఆస్తి’ని పోగొట్టినదిగా నింద మోయవలసి వచ్చేది. వారసత్వాన్ని అధ్యయనం చేసే వారు తమ పరిశోధనలో చోటివ్వవలసిన వారసత్వమే ఇది.

1993 నాటి మొదటి కేంద్ర చట్టానికి ఈ చిక్కు పట్టలేదు. పారిశుధ్యం రాష్ట్రాల అధికార పరిధిలోని విషయం గనుక ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల శాసనసభలు తీర్మానించిన మీదట పార్లమెంటు దానిని చేసింది. అందులో ప్రధాన వస్తువు మరుగుదొడ్డి. పొడి దొడ్డి కట్టరాదు, ఉన్నదానిని మార్చుకోవాలి, అందులో మనిషిని నియమించరాదు. దొడ్డి మారిపోయిన మరునాడు ఆ స్త్రీ ఏం తిని బ్రతకాలన్న ప్రశ్నకు సమాధానంగా ఆమెకు చట్టబద్ధమైన హక్కు ఒక్కటీ దక్కలేదు. 2013 చట్టం పరిభాషను మార్చింది. సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ చేతికి వచ్చిన ఈ చట్టంలో మనిషి కేంద్రమైనది. గుర్తింపు కార్డు, తక్షణ నగదు సహాయం, పిల్లలకు విద్యార్థి వేతనం, ఇంటి స్థలం, నెలకు 3,000 రూపాయలకు తగ్గని భృతితో వృత్తి శిక్షణ, రాయితీతో కూడిన రుణం పదమూడవ సెక్షన్‌లో ఉన్నవి. తక్షణ సహాయం 40,000 రూపాయలుగా నిర్ణయమైనది. కాగితం మీద ఇది మంచి విధానమే.

ఇవన్నీ అందేది జాబితాలో పేరున్న వారికి మాత్రమే. జాబితాకు నిర్వచనమే ద్వారం. చట్టం అమలులోనికి వచ్చిన నాటికి గాని, ఆ తరువాత గాని ఆ పనిలో ఉన్నవారే నిర్వచనం క్రిందికి వస్తారు. అంతకు ముందే గంప దించిన స్త్రీకి ఆ పదప్రయోగంలో చోటు లేదు. కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన పరికరాలతో, రక్షణ సామగ్రితో మలం శుభ్రం చేసే వ్యక్తి పాకీ పనివాడు కాడని వివరణ మరొకటి. భూగర్భ మురుగు కాలువలోనికి దిగే కార్మికుని సంగతి వేరే సెక్షన్‌లో, ‘ప్రమాదకర శుద్ధి’ అన్న పేరుతో ఉన్నది. అక్కడ కూడా రక్షణ సామగ్రి సమకూర్చితే పని ‘ప్రమాదకరం’ కాకుండా పోతుంది. చేతికి తొడుగు వేయగానే మనిషి నిర్వచనం నుండి జారిపోవడం ఈ చట్టంలోని విచిత్రం.

పేరు పెట్టడంలోని ఈ చమత్కారం కొత్తది కాదు. థేరగాథలో సునీత థేరుడు తన పూర్వ వృత్తిని చెప్పుకొన్న పాళీ మాట ‘పుప్ఫఛడ్డక’. వాచ్యార్థంలో వాడిన పూలను పారబోసేవాడు. మురికి పనికి పూల పేరు తొడిగిన ఆ మర్యాదకూ, వీధులూడ్చే శాశ్వత ఉద్యోగినీ గంప మోసే స్త్రీనీ ‘సఫాయి కర్మచారి’ అన్న ఒకే మాటతో కప్పే నేటి కార్యాలయ పరిభాషకూ పోలిక లేకపోలేదు.

ఈ పరిభాషపై జరిగిన పోరాటంలో తెలుగు నేల పాలు ఎక్కువ. సఫాయి కర్మచారి ఆందోళన్ 1990లలో ఆంధ్రప్రదేశ్‌లో రూపుదిద్దుకుని తరువాత ఢిల్లీ కేంద్రంగా దేశమంతటికీ విస్తరించింది. దాని సారథి బెజవాడ విల్సన్ కోలార్ బంగారు గనుల పట్టణంలో, ఈ పనే చేసిన కుటుంబంలో పుట్టారు. వెట్టి నిర్మూలనకు ఆంధ్రప్రదేశ్‌లో పేరుపడ్డ ఐ.ఏ.ఎస్. అధికారి ఎస్. ఆర్. శంకరన్ 2010లో కన్నుమూసే వరకు ఆ సంస్థకు పెద్దదిక్కుగా నిలిచారు. ఆంధ్రప్రదేశ్‌లోని పాకీ పనివారి స్థితిని గీతా రామస్వామి 2005లో ‘ఇండియా స్టింకింగ్’ అన్న ఆంగ్ల గ్రంథంలో వివరించారు. ఆ ఉద్యమంలో స్త్రీలు తమ గంపలను బహిరంగంగా తగులబెట్టడం ఒక సంప్రదాయంగా నిలిచింది. కాలేది వెదురే అయినా, తెగేది పైన చెప్పిన వంతు.

ఆ సంస్థ 2003లో సుప్రీంకోర్టులో వేసిన వ్యాజ్యంపై 2014 మార్చి 27న తీర్పు వెలువడింది. ప్రధాన న్యాయమూర్తి పి. సదాశివం, న్యాయమూర్తులు రంజన్ గొగోయ్, ఎన్. వి. రమణ ధర్మాసనంలో ఉన్నారు. 1993 నుండి మురుగు కాలువల్లో మరణించిన వారందరి కుటుంబాలకు 10 లక్షల రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలన్న ఆదేశమే పత్రికలకెక్కింది. దానితోపాటే మరొక వాక్యం ఉన్నది. సఫాయి స్త్రీలకు వారు కోరుకున్న పథకాల ప్రకారం గౌరవప్రదమైన జీవనోపాధి కల్పించాలన్నది దాని సారాంశం. ‘వారు కోరుకున్న’ అన్నచోటే విధానం బరువంతా ఉన్నది.

ఢిల్లీ నగరంలో ప్రశ్న మరొక రూపం దాల్చింది. ఘిటోర్నీలో 2017 జులైలో నలుగురు, లాజ్‌పత్ నగర్‌లో ఆగస్టులో ముగ్గురు, మోతీ నగర్‌లోని ఒక నివాస సముదాయపు శుద్ధి కేంద్రంలో 2018 సెప్టెంబరులో ఐదుగురు విషవాయువుకు బలి అయ్యారు. మరణించినవారు పురుషులు. ఆ తరువాత కార్యాలయాల చుట్టూ తిరగవలసిన బాధ్యత వారి భార్యలది. కంట్రాక్టరు నోటిమాటతో పనిలో పెట్టుకున్న మనిషికి నియామక పత్రం ఉండదు. ఆ మనిషి దిగినది ఎవరి ఆజ్ఞపై అన్నది రుజువు చేయవలసిన భారం ఆమెపై పడుతుంది. పరిహారాన్ని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో 30 లక్షలకు పెంచింది. అయినా అది ఒక మరణానికి లెక్క. పాకీ స్త్రీకి చట్టం రాసిపెట్టిన ఇంటి స్థలం, శిక్షణ, విద్యార్థి వేతనం ఈ వితంతువుకు వర్తించవు. ఆమె భర్త చట్టం దృష్టిలో పాకీ పనివాడు కాడు గదా! 2019లో ఢిల్లీ ప్రభుత్వం సన్నని సందులలోనికి వెళ్ళగల 200 యంత్రాలను ప్రవేశపెట్టి, వాటి కేటాయింపులో మృతుల కుటుంబాలకు ప్రాధాన్యం ప్రకటించింది. ఆలోచన సరియైనదే, సంఖ్య చిన్నది.

ఇక లెక్కలు. 2011 సామాజిక, ఆర్థిక, కుల గణన గ్రామీణ ప్రాంతాలలోనే 1,80,657 పాకీ కుటుంబాలను నమోదు చేసింది. 2013, 2018 సర్వేలు రెండూ కలిసి దేశం మొత్తంలో గుర్తించినది 58,098 మందిని. వారిలో కులం వివరాలు లభించిన 43,797 మందిలో 42,594 మంది షెడ్యూల్డు కులాల వారు. నడుమ ఎన్నో దొడ్లు మారిన మాట నిజమే. కానీ ఇంత అంతరానికి పద్ధతి కూడా కారణం. గణనలో లెక్కించే వ్యక్తి ఇంటికి వచ్చి అడుగుతాడు. సర్వేలో స్త్రీ శిబిరానికి వెళ్ళి, అధికారుల ఎదుట, ఇరుగుపొరుగు వినగా, తాను మలం ఎత్తుతానని చెప్పుకోవాలి. కుమార్తెకు పెళ్ళి సంబంధాలు చూస్తున్న తల్లి ఆ మాట ఎందుకు అంటుంది? ఆమె చెప్పినా పురపాలక సంఘం అంగీకరించాలి. అంగీకరిస్తే తన పరిధిలో నిషిద్ధమైన దొడ్లు ఉన్నాయని తానే ఒప్పుకున్నట్లు. తన తప్పును తానే ధృవీకరించవలసిన సంస్థకు లెక్కింపు అప్పగించడం ఈ విధానంలోని అన్నిటికన్నా పెద్ద లోపం.

2023 నుండి పాత స్వయం ఉపాధి పథకం స్థానంలో ‘నమస్తే’ పథకం నడుస్తున్నది. మురుగు కాలువల, సెప్టిక్ ట్యాంకుల కార్మికుల నమోదు, రక్షణ సామగ్రి, ఆరోగ్య బీమా దాని ప్రధానాంశాలు. ఆ గుంతల్లోనికి దిగేవారు దాదాపు అందరూ పురుషులే గనుక ఆ జాబితా కూడా వారిదే. 2025 జనవరి 29న సుప్రీంకోర్టు ఢిల్లీ, హైదరాబాదు సహా ఆరు మహానగరాలలో మనుషులచే మురుగు శుద్ధి ఆపివేయాలని ఆదేశించింది. చెత్త ఏరుకునేవారిని కూడా ‘నమస్తే’ పరిధిలోనికి చేర్చారు. గాజీపూర్, భల్స్వా చెత్తగుట్టల మీద పనిచేసే స్త్రీలు ఈ ద్వారాన ప్రభుత్వ నమోదులోనికి రావచ్చు. అక్కడ నమోదు చేసే సిబ్బంది వారిని గుట్ట దగ్గరికే వెళ్ళి కలుస్తారా, లేక శిబిరానికి పిలుస్తారా అన్నదానిపై ఆ జాబితా పొడవు ఆధారపడి ఉన్నది.