దయ్యం కాదు.. సూదిమందే!

ఉద్దనపల్లి: పన్ను పీకించుకున్న మనిషి ఉన్నట్టుండి 'నేను చచ్చిపోతున్నా' అని కేకలు పెడితే? ఎదురుగా లేనివాళ్లతో మాట్లాడితే? 'గాలి సోకింది, తాయెత్తు కట్టించండి' అనే పెద్దలు మన పల్లెల్లో ఇంకా ఉన్నారు. నిజానికి అది తిమ్మిరి కోసం వేసిన సూది పని కావచ్చు. అరుదే.. కానీ తెలిసుండాలి.

పన్ను పీకాలన్నా, గాయానికి కుట్లు వేయాలన్నా ఎక్కువగా వాడేది లిగ్నోకైన్. స్వీడన్‌కు చెందిన నీల్స్ లోఫ్‌గ్రెన్ 1943లో దీన్ని తయారు చేశారు. వేసిన చోట నొప్పి కబురు నరాల్లో పోకుండా ఆపుతుంది. మోతాదు మించినా, సూది పొరపాటున రక్తనాళంలో దిగినా మందు మెదడుకు చేరుతుంది. అక్కడ ముందు మొద్దుబారేవి అదుపు చేసే నరాలే. ఇంకేముంది, బ్రేకు పోయిన బండే! నోటి చుట్టూ చిమచిమ, నాలుకపై ఇనుము రుచి, చెవుల్లో హోరు, కంగారు, పొంతన లేని మాటలు.. ముదిరితే ఫిట్స్.

అడ్రినలిన్ కలపని లిగ్నోకైన్ కిలో బరువుకు 4.5 మిల్లీగ్రాములు మించకూడదంటారు. 50 కిలోల మనిషికి 2 శాతం మందు 11 మి.లీ. దాకా అన్నమాట. ఒక పన్నుకు వేసేది మామూలుగా 2 మి.లీ. అటూఇటూ. కాబట్టి బెదిరిపోనక్కర్లేదు. పసిపిల్లలు, లివర్ జబ్బున్నవాళ్ల విషయంలోనే ఎక్కువ జాగ్రత్త.

ప్రొకైన్ పెన్సిలిన్ సూదితోనూ ఇలాగే జరుగుతుందని స్విట్జర్లాండ్ వైద్యుడు హోయిన్యే 1959లో వివరించారు. అందులోని ప్రొకైన్ కూడా తిమ్మిరి మందే. సూది వేసిన క్షణాల్లో ప్రాణం పోతోందన్న భయం, లేనివి కనిపించడం.. చాలామందికి అరగంటలోపే సర్దుకుంటుంది. దీన్ని పెన్సిలిన్ పడకపోవడమని పొరబడేవారూ ఉన్నారు.

అడ్రినలిన్ వల్ల వచ్చే గుండెదడ, సూదంటేనే ఉండే భయం కూడా పైకి ఇలాగే కనిపిస్తాయి. ఏది ఏదో తేల్చాల్సింది డాక్టరే. అందుకే సూది వేయించుకున్న వెంటనే బస్సెక్కకుండా అరగంట అక్కడే కూర్చోవడం మేలు. ఇంటికొచ్చాక తేడా కనిపిస్తే 108కి ఫోన్ చేయాలి. విషమిస్తే నరంలోకి ఎక్కించే 20 శాతం కొవ్వు ద్రవం విరుగుడుగా పనిచేస్తుందని 2006 నుంచి వైద్యులు వాడుతున్నారు.

హోసూరు ధర్మాసుపత్రిలో తమిళంలో చెప్పుకోలేక 'ఏమో అయింది సామీ' అని ఊరుకునే అవ్వాతాతల వెంట ఒకరు పోవాలి. ఏ మందు, ఎంత వేశారు, ఎన్ని నిమిషాలకు ఏమైంది.. చీటీ మీద రాయించుకుని, ఈసారి సూదికి ముందు అదే చూపించాలి.