మొక్కజొన్న హైబ్రిడ్ లైన్లు ఎలా తయారవుతాయి? పాత పద్ధతి, కొత్త పద్ధతి (వీడియోతో)

మా చందర్లపాడు వైపు మొక్కజొన్న వేసేవాళ్లు తరచూ అడిగే ప్రశ్న: "హైబ్రిడ్ కండె గింజలే దాచి వేస్తే ఏమవుద్ది?" చేను పొట్టీ పొడుగూ అయ్యి దిగుబడి పడిపోద్ది. ఎందుకో తెలియాలంటే దాని తల్లిదండ్రుల లైన్లు ఎలా పుడతాయో చూడాలి.

మొక్కజొన్న పుప్పొడి గాలికి పక్క మొక్క పీచు మీద పడుద్ది. లైను కావాలంటే దీన్ని ఆపాలి. పీచు రాకముందే కండెకి కవరు తొడిగి, అదే మొక్క జల్లు పుప్పొడి పోస్తారు. ఇట్లా 6 నుంచి 8 తరాలు. మొక్క బక్కచిక్కుద్ది గానీ గుణాలు స్థిరపడతాయి. అలాంటి రెండు లైన్లు కలిపితే బలం తిరిగొస్తుంది. 1908లో అమెరికాలో జార్జ్ షల్ చూపించింది ఇదే. బక్క తల్లి మీద విత్తనం కొంచెమే వస్తుంది, అందుకే ఖరీదు. ఆ బాధ తీర్చడానికే డొనాల్డ్ జోన్స్ నాలుగు లైన్ల డబుల్ క్రాస్ తెచ్చాడు. 1961లో మన హైదరాబాద్ నుంచి వచ్చిన ‘డెక్కన్’ ఆ కోవదే.

కొత్తది డబుల్డ్ హాప్లాయిడ్. ప్రత్యేకమైన మగ మొక్క పుప్పొడి వేస్తే కొన్ని గింజల్లో తల్లి క్రోమోజోములే, అవీ సగమే ఉంటాయి. గింజ నెత్తి ఊదాగా, లోపలి మొలక తెల్లగా ఉంటే అదన్నమాట. ఆ మొలకలకి కాల్చిసిన్ మందు పెట్టి క్రోమోజోములు రెట్టింపు చేస్తారు. రెండు తరాల్లో లైను తయారు! 2021లో కర్ణాటకలోని కుణిగల్‌లో సిమ్మిట్ ఇందుకోసం కేంద్రం పెట్టింది. కాల్చిసిన్ విషం, చాలా మొలకలు చచ్చిపోతాయి. ఇది చేలో చేసే పని కాదు.

నా లెక్కలో పాత పద్ధతికి ఒక గొప్ప ఉంది. ప్రతి తరంలో పడిపోయే మొక్కని, తెగులు మొక్కని కళ్లతో చూసి తీసేస్తారు. కొత్తదాంట్లో లైను పూర్తయ్యాకే ఆ పరీక్ష.

జీవామృతంతో సాగు చేసి సొంత విత్తనం ఉంచుకునే మనకి ఈ రెండూ కాదు, కాంపోజిట్ రకాలు కావాలి. హైబ్రిడ్ అంత దిగుబడి రాదు, దాచుకోవచ్చు. పక్క చేనుకి 200 మీటర్ల దూరం, లేదా నాలుగు వారాల తేడాతో విత్తండి. గట్ల మీది మొక్కలు వదిలేసి, చేను మధ్యలో కనీసం 200 మంచి కండెలు ఏరి, గింజలన్నీ కలిపేయండి. పది కండెలతో సరిపెడితే నాలుగేళ్లలో విత్తనం బక్కచిక్కుద్ది.

కవరు తొడగడం, కండెలు ఏరడం కింది వీడియోలో ఉన్నాయి.