గొర్రెల నీలినాలుక వ్యాధిలో ఊపిరితిత్తుల తీవ్ర నష్టం – రక్తనాళాల లోపలి పొర కణాల పాత్ర

నంద్యాల జిల్లా కోయిలకుంట్ల పరిసరాల్లో కుందూ నది వెంబడి విస్తరించిన నల్లరేగడి నేలలు వానాకాలం చివరి నుండి తడి ఆరకుండా ఉంటాయి. పొలాల్లో మందలు కట్టే ఈ ప్రాంతంలో పేడ, మూత్రం కలిసిన బురద క్యూలికాయిడిస్ అనే అతి చిన్న దోమలకు అనువైన పుట్టుక స్థానం. ఈ దోమల ద్వారా వ్యాపించే నీలినాలుక వ్యాధి దక్షిణ భారతంలో ఈశాన్య రుతుపవనాల కాలంలో ఎక్కువగా కనిపిస్తుంది. ఉత్తర భారతంలో ప్రధానంగా విదేశీ, సంకర జాతి గొర్రెలలో కనిపించే ఈ వ్యాధి మన ప్రాంతంలో నెల్లూరు వంటి దేశీయ జాతులను సైతం తీవ్రంగా దెబ్బతీస్తుంది.

వ్యాధి సోకిన జీవాలలో కొన్ని జ్వరం తగ్గుముఖం పట్టిన తరువాత కూడా ఎగశ్వాసతో, ముక్కు నుండి నురుగు కారుతూ మరణిస్తాయి. క్షేత్రస్థాయిలో దీనిని సాధారణంగా నిమ్ముగా భావించి సూక్ష్మజీవనాశక మందులతో చికిత్స చేస్తుంటారు. అయితే ఇక్కడ ఊపిరితిత్తులు దెబ్బతినడం మొదలయ్యేది శ్వాసనాళం వైపు నుండి కాదు, రక్తనాళం వైపు నుండి. ఈ భేదం గ్రహించకపోతే చికిత్సే జీవానికి హాని చేసే ప్రమాదం ఉంది.

రక్తనాళాల లోపలి గోడను ఒకే వరుసలో పరచుకొని ఉండే పలుచని కణాలను ఎండోథీలియల్ కణాలు అంటారు. ఊపిరితిత్తులలో ఈ కణాలకు ఉన్న బాధ్యత మరే అవయవంలోనూ లేదు. గుండె కుడి భాగం నుండి వెలువడే రక్తమంతా ఊపిరితిత్తుల కేశనాళికల గుండానే ప్రవహించాలి. గాలికి, రక్తానికి మధ్య ఉన్న అడ్డుగోడ మందం పలుచని చోట్ల ఒక మైక్రోమీటరులో సగం కూడా ఉండదు. ప్రాణవాయువు లోనికి వెళ్ళాలి, ద్రవం మాత్రం బయటకు రాకూడదు. పక్కపక్కనున్న కణాలను పట్టి ఉంచే అతుకులు, కణాల ఉపరితలంపై ఉండే చక్కెర పదార్థాల జిగురు పొర ఈ పనిని నిర్వర్తిస్తాయి. అంతేకాక నాళాన్ని వ్యాకోచింపజేసే నైట్రిక్ ఆక్సైడ్‌ను, రక్తఫలకికలు గుమికూడకుండా నిరోధించే ప్రోస్టాసైక్లిన్‌ను ఈ కణాలు నిరంతరం ఉత్పత్తి చేస్తాయి. కనుక దీనిని కేవలం పూత అనుకోవడం సరికాదు.

దోమకాటు ద్వారా ప్రవేశించిన వైరస్ మొదట సమీపంలోని శోషరస గ్రంథులలో వృద్ధి చెంది, అక్కడి నుండి రక్తం ద్వారా ఊపిరితిత్తులు, ప్లీహం వంటి అవయవాలకు చేరుతుంది. అక్కడ అది ప్రధానంగా ఆశ్రయించేవి స్థూలభక్షక కణాలు, సూక్ష్మ రక్తనాళాల ఎండోథీలియల్ కణాలు. నష్టం రెండు మార్గాలలో జరుగుతుంది. వైరస్ తాను ప్రవేశించిన కణాన్ని నేరుగా చంపుతుంది. వైరస్ సోకిన స్థూలభక్షక కణాలు వెలువరించే ట్యూమర్ నెక్రోసిస్ ఫ్యాక్టర్, ఇంటర్‌ల్యూకిన్ల వంటి వాపు కారకాలు వైరస్ సోకని ఎండోథీలియల్ కణాల అతుకులను సైతం సడలింపజేస్తాయి. గొర్రె, మేక, ఆవు, పంది వంటి జంతువులలో ఊపిరితిత్తుల కేశనాళికల లోపలి గోడకే అంటిపెట్టుకొని ఒక రకం స్థూలభక్షక కణాలు ఉంటాయి. ఇవి మనిషిలో సాధారణంగా కనిపించవు. వాపు కారకాలు గోడ పక్కనే తయారయ్యే అవకాశం ఉన్నందున గొర్రె ఊపిరితిత్తులు ఇటువంటి నష్టానికి సులభంగా లోనవుతాయి.

మరి అదే వైరస్ సోకిన ఆవులు, గేదెలు చాలావరకు ఏ లక్షణమూ లేకుండా తిరుగుతూ, వారాల తరబడి రక్తంలో వైరస్‌ను మోస్తూ ఎందుకు ఉంటాయి? దీనికి పాక్షిక సమాధానం ఈ కణాలలోనే లభించింది. అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, డేవిస్‌లో మాక్‌లాక్లన్ బృందం గొర్రెలను, ఆవులను పోల్చి చూసినప్పుడు, రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే థ్రాంబాక్సేన్‌కు, దానిని నిరోధించే ప్రోస్టాసైక్లిన్‌కు మధ్య నిష్పత్తి గొర్రెలలో ఎక్కువగా ఉన్నట్లు వెల్లడైంది. అంటే గొర్రెలో నాళపు గోడ దెబ్బతిన్నప్పుడు సూక్ష్మ గడ్డలు ఏర్పడే ధోరణి అధికం. ఒకచోట నాళం మూసుకుపోతుంది, మరొకచోట కారుతుంది. నాలుక నీలిమారడం, పెదవులు ఉబ్బడం, గిట్టల మొదళ్ళు ఎర్రబారడం, ఊపిరితిత్తులలో నీరు చేరడం, ఇవన్నీ ఒకే ప్రక్రియకు వేర్వేరు అవయవాలలో కనిపించే రూపాలు. నాలుక నీలిమారడం కొద్ది జీవాలలో మాత్రమే కనిపిస్తుంది. ఆ దృష్టితో చూస్తే మన కాపరులు వాడే 'మూతివాపు' అన్న పేరే వ్యాధి స్వభావానికి దగ్గరగా ఉందనిపిస్తుంది.

ఊపిరితిత్తుల నష్టం గురించి వైద్యశాస్త్రానికి తెలిసిన దానిలో గణనీయమైన భాగం గొర్రెల నుండే వచ్చింది. మనుషులలో తీవ్ర శ్వాస వైఫల్యాన్ని 1967లో ఆష్‌బా, ఆయన సహచరులు 12 మంది రోగుల ఆధారంగా వర్ణించారు. ఆ తరువాత 1970వ దశకంలో శాన్ ఫ్రాన్సిస్కోలో స్టౌబ్, బ్రిగమ్ తదితరులు మెలకువగా ఉన్న గొర్రెల ఊపిరితిత్తుల నుండి శోషరసాన్ని సేకరించి పరీక్షించారు. కేవలం రక్తనాళాలలో పీడనం పెరిగినప్పుడు శోషరసం పరిమాణం పెరిగినా, అందులోని మాంసకృత్తుల సాంద్రత తగ్గుతుంది. సూడోమోనాస్ బాక్టీరియాను రక్తంలోకి ఎక్కించినప్పుడు మాత్రం మాంసకృత్తులు అధికంగా ఉన్న శోషరసం చాలా ఎక్కువ పరిమాణంలో వెలువడింది. అనగా గోడకే చిల్లులు పడ్డాయి. నాళంలో పీడనం ఏ కొద్దిగా పెరిగినా అటువంటి గోడ గుండా కారడం మరింత ఎక్కువవుతుంది.

కోయిలకుంట్ల వంటి చోట్ల క్షేత్ర సిబ్బందికి ఈ చివరి అంశమే అత్యంత ముఖ్యం. మేత మాని నీరసించిన గొర్రెకు సెలైన్ ఎక్కించడం పరిపాటి. 25 కిలోల గొర్రె శరీరంలో ఉండే రక్తం సుమారు ఒకటిన్నర లీటర్లు. 500 మి.లీ. సీసాను వేగంగా ఎక్కించడమంటే రక్త పరిమాణంలో మూడవ వంతుకు సమానమైన ద్రవాన్ని కారుతున్న గొట్టంలోకి నెట్టడమే. మానవ వైద్యంలో ఊపిరితిత్తుల తీవ్ర నష్టానికి గురైన 1000 మంది రోగులపై జరిగి 2006లో వెలువడిన అధ్యయనంలో, ద్రవాలను పరిమితంగా ఇచ్చిన వర్గంలో మరణాల రేటు చెప్పుకోదగినంతగా మారకపోయినా, ఊపిరితిత్తుల పనితీరు మెరుగుపడి, కృత్రిమ శ్వాస అవసరమైన రోజులు తగ్గాయి. కనుక ఎగశ్వాస ఉన్న గొర్రెకు సిరలోకి ద్రవాలు ఇవ్వవలసివస్తే కొద్దికొద్దిగా, నెమ్మదిగా, శ్వాస వేగాన్ని గమనిస్తూ ఇవ్వాలి.

గంజి, రాగిజావ తాగించడంలోనూ జాగ్రత్త అవసరం. ఈ వ్యాధిలో గొంతు కండరాలు దెబ్బతిని మింగడం కష్టమవుతుంది. తల పైకెత్తి బలవంతంగా పోస్తే జావ శ్వాసనాళంలోకి పోయి అసలైన నిమ్ము అప్పుడు మొదలవుతుంది. జీవం తనంతట తాను నాకేలా వెడల్పాటి పాత్రలో ఉంచడం మేలు. రోగగ్రస్త జీవాలను మందతో పాటు నడిపించరాదు. నడక వల్ల ఊపిరితిత్తులలో రక్తప్రవాహం, పీడనం పెరుగుతాయి. ఎండ తగిలితే లక్షణాలు తీవ్రమవుతాయి కనుక నీడపట్టున ఉంచాలి. సూక్ష్మజీవనాశక మందులు వైరస్‌పై పనిచేయవు. తరువాత వచ్చే బాక్టీరియాను అడ్డుకోవడానికే వాటి ఉపయోగం.

శవపరీక్షలో ఈ భేదాన్ని విద్యార్థులు స్వయంగా చూడవచ్చు. పాశ్చురెల్లా వల్ల వచ్చే నిమ్ములో ఊపిరితిత్తుల ముందు, కింది భాగాలు కాలేయంలా గట్టిపడి, కోసిన ముక్క నీటిలో మునుగుతుంది. నీలినాలుక వ్యాధిలో ఊపిరితిత్తులు బరువెక్కి, తడితడిగా ఉండి, కోస్తే నురుగుతో కూడిన ద్రవం కారుతుంది. శ్వాసనాళం నిండా నురుగు, ఛాతీ కుహరంలో, గుండె చుట్టూ ఉన్న సంచిలో నీరు కనిపిస్తాయి. పుపుస ధమని మొదలులో, గోడ లోపల, రక్తస్రావపు మచ్చ ఉంటే నీలినాలుకను బలంగా అనుమానించాలి. ఆ మచ్చ కోసం ధమనిని చీల్చి చూడాలి. తొందరలో చాలామంది ఆ భాగాన్ని వదిలివేస్తారు. నిర్ధారణ కోసం జ్వరం ఉన్న దశలోనే, గడ్డకట్టని విధంగా రక్త నమూనాలు సేకరించి మంచుపెట్టెలో ప్రయోగశాలకు పంపాలి.

ఒకసారి గోడ కారడం మొదలైన తరువాత దానిని అతికించే మందు ఏదీ లేదు. అందువల్ల టీకాకే ప్రాధాన్యం. భారత వ్యవసాయ పరిశోధన మండలి అఖిల భారత పరిశోధన పథకంలో భాగంగా రూపొందిన టీకాలో 1, 2, 10, 16, 23 రకాల వైరస్‌లను నిర్వీర్యం చేసి చేర్చారు. రక్తంలో ప్రతిరక్షకాలు ఉన్నప్పుడు వైరస్ ఎండోథీలియల్ కణాలను చేరకముందే అడ్డుకోబడుతుంది. అవి ఏర్పడటానికి వారాల వ్యవధి కావాలి కనుక ఈశాన్య రుతుపవనాల వరకు ఆగకుండా, దోమలు పెరగకముందే మందలకు టీకాలు పూర్తిచేయాలి. కుందూ తీరంలో మేత కోసం ఊళ్ళు మారే మందలకైతే బయలుదేరక మునుపే వేయించాలి.