దుంగల ట్రాలీ ఎట్లుండాలె?

మొన్న సెలవుల్లో మా ఊరి వాగు దిగుడులో జామాయిలు దుంగల ట్రాలీ ఒరిగింది. పైన కూర్చున్న మా అన్న దూకి బతికిండు. ఎందుకు ఒరిగిందో తెలుసుకొని రాస్తున్నాను.

ట్రాలీలు రెండు రకాలు. నాలుగు చక్రాలది తన బరువు తానే మోస్తుంది. చదును రోడ్డుకు మంచిది. రెండు చక్రాలది కొంత బరువును ట్రాక్టరు వెనుక కొక్కెం మీద వేస్తుంది. దాంతో ట్రాక్టరు పెద్ద టైర్లకు నేల మీద పట్టు దొరుకుతుంది. తాడ్వాయి, ఏటూరునాగారం వైపు ఎత్తుపల్లాలకు ఇదే నయం. కానీ బరువు మరీ ముందుకు పడితే, ఎత్తు ఎక్కేటప్పుడు ట్రాక్టరు ముందు చక్రాలు లేస్తాయి. మరీ వెనక్కి పడితే ఆ పట్టు పోతుంది.

ఇంకా ఏం చూడాలె? టైర్లు వెడల్పుగా ఉంటే నల్లరేగడిలో తక్కువ దిగబడతాయి. చక్రాల నడుమ ఎడం ఎక్కువ, డబ్బా ఎత్తు తక్కువ ఉండాలె. పక్కల ఇనుప గుంజలు, కట్టడానికి గొలుసు తప్పనిసరి. మా ఊరి ట్రాలీల దుంగలు గుంజలు దాటి పేర్చిండ్రు. మనం చదివిన గరిమనాభి పైకి పోయింది, వాలులో చక్రాలు దాటి పక్కకు జరిగింది. అంతే, బోల్తా!

దిగుడులో న్యూట్రల్ చేయొద్దు, చిన్న గేరులోనే దిగాలె. దుంగల మీద మాత్రం ఎవరూ ఎక్కకండి. మా అన్నకు కలిసొచ్చింది, అందరికీ కలిసిరాదు.